చందుపట్ల శిల, కోటిలింగాల నాణెం

సూర్యాపేటనుండి హైదరాబాదు మార్గాన పోయేవారికి నకిరేకల్లు తగులుతుంది. దానికి సమీపంలోనే చందుపట్ల అనే గ్రామం ఉన్నది. ఆ గ్రామంలో దొరికిన ఒక శాసనశిలమీద శకవర్షం 1211, అనగా క్రీ. శ. 1289, మార్గశిరమాసం నాటి ఒక చిన్న దానం చెక్కబడి ఉన్నది. దాత మహారాజు కాడు, మండలేశ్వరుడూ కాడు. పువ్వుల ముమ్మడి అనే ఒక సేవకుడు. తన యేలినవాడైన మల్లికార్జున నాయకునికీ, కాకతీయ రుద్రమదేవికీ శివలోకప్రాప్తి కలుగవలెనని కోరి, అతడు అచ్చటి దేవునికి కొంత భూమి సమర్పించినాడు. శాసనం చెప్పే సంగతి ఇంతే.

ఈ నాలుగు మాటల విలువ ఎంతటిదో తెలియవలెనంటే, అవి వెలుగు చూడకముందు వ్రాసిన కాకతీయ చరిత్రలను ఒకసారి తిరుగవేయవలెను. రుద్రమదేవి 1295 వరకో, 1296 వరకో రాజ్యం చేసి కన్నుమూసినదనీ, ఆమె మనుమడు ప్రతాపరుద్రుడు పిమ్మట సింహాసనం ఎక్కినాడనీ ఆ పుస్తకాలు చెప్పేవి. ముమ్మడి దానంతో ఆ లెక్క తారుమారైనది. యజమానికీ మహారాణికీ ఒకే నాడు, ఒకే శిలమీద పుణ్యం ధారపోసినాడంటే, ఇద్దరూ అంతకు కొద్దికాలం క్రిందటనే, బహుశః ఒకే సందర్భాన, మరణించి ఉండవలెను. మల్లికార్జున నాయకుడు సేనాని. సేనానీ రాణీ ఒక్కసారిగా పోవడం రోగాన పడి పోయిన మరణంవలె తోచదు. సరిగా ఆ కాలంలోనే కాయస్థ అంబదేవుడు కాకతీయులను ధిక్కరించి స్వతంత్రించినాడు. 1290 నాటి త్రిపురాంతక శాసనంలో తన విజయాలను బిరుదులు పేర్చి చెప్పుకొన్నాడు. ఈ రెండు శాసనాలను దగ్గరకు చేర్చి, రుద్రమదేవి అంబదేవునితో జరిగిన పోరులోనే నేలకొరిగి ఉంటుందని ఊహించి చెప్పినవారు డాక్టరు పుచ్చా వాసుదేవ పరబ్రహ్మశాస్త్రిగారు.

"ఊహించి" అనే మాటను బుద్ధిపూర్వకంగానే వాడినాను. చందుపట్ల శిలమీద అంబదేవుని పేరు లేదు, యుద్ధం అనే మాటా లేదు. నేడు మన విద్యార్థులు పరీక్షలలో "రుద్రమదేవిని అంబదేవుడు చంపినాడు" అని ఒక్క వాక్యంలో తేల్చి వ్రాస్తున్నారు. అది శాసనం చెప్పిన మాట కాదు. శాసనం చెప్పినది మరణం. మిగిలినది చరిత్రకారుని తర్కం. ఆ తర్కం బలమైనదే. అయినా రాతికీ తర్కానికీ మధ్య గీత ఎక్కడ ఉన్నదో చూపించడమే చరిత్ర ఉపాధ్యాయుడు చేయదగిన మొదటి పని.

పరబ్రహ్మశాస్త్రిగారిని కాకతీయ చరిత్రకారుడుగానే మనవారు ఎరుగుదురు. అది న్యాయమే కాని సగం న్యాయం. ఆయన పరిశోధనా జీవితాన్ని రెండు కొసలనుండి చూడవలెను. ఒక కొస చందుపట్ల. అది ఒక మహారాణి మరణకాలాన్ని నిలబెట్టినది. రెండవ కొస గోదావరి గట్టునున్న కోటిలింగాల. అది ఒక రాజవంశపు పుట్టుకను గురించి మాట్లాడినది. మొదటిదానికీ రెండవదానికీ మధ్య పదమూడు వందల ఏండ్ల దూరం ఉన్నది. ఒకే మనిషి ఆ రెండింటినీ చదవగలగడం ఎట్లా సంభవించినదో చెప్పడమే ఈ వ్యాసానికి పని.

శాస్త్రిగారు గుంటూరు జిల్లాలో జన్మించినారు. సంస్కృతంలో గట్టి పాండిత్యం సంపాదించి, రాష్ట్ర పురావస్తుశాఖలో శాసన విభాగంలో చేరి, ఉపసంచాలకులై పదవీ విరమణ చేసినారు. ఉద్యోగచరిత్ర అంటూ వ్రాస్తే ఈ రెండు వాక్యాలకు మించదు. ఆయన జీవనం విశ్వవిద్యాలయ పీఠంమీద గడచినది కాదు. కాకతీయులపై ఆయన సిద్ధాంతవ్యాసానికి డాక్టరేటు ఇచ్చినది మన ఉస్మానియా కాదు, ఆంధ్ర విశ్వవిద్యాలయమూ కాదు; ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం. అప్పటికి ఆయన వయస్సు యాభై దాటినది. ఆ గ్రంథాన్ని 1978లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆంగ్లంలో ప్రచురించినది. అప్పటినుండి కాకతీయులను గురించి ఎవరు ఏమి వ్రాసినా ఆ పుస్తకాన్ని దాటి పోలేదు. ఒప్పుకొనేవారు ఉదాహరించవలసినదే, కాదనేవారూ ఉదాహరించవలసినదే.

తెలుగు చరిత్ర రచనలో ఇది వింత కాదు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు (1891–1963) విశ్వవిద్యాలయ పట్టం ఏదీ లేకుండానే శాసనాలు చదివి చదివి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకులైనారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఉద్యోగరీత్యా మునగాల సంస్థానంలో ఉండి తెలుగువారికి చరిత్ర చదవడం నేర్పినారు. మునగాల అంటే ఎక్కడో దూరదేశం కాదు. కోదాడకూ సూర్యాపేటకూ నడుమ, పెద్ద బాట ప్రక్కనే ఉన్నది. ఆయన పేరు పెట్టుకొన్న లక్ష్మణరాయ పరిశోధక మండలివారు 1935లో తెలంగాణా శాసనముల మొదటి సంపుటాన్ని వెలువరించినారు. వలిగొండకు చెందిన బి. ఎన్. శాస్త్రిగారు తుమ్మలగూడెంలో దొరికిన విష్ణుకుండినుల తామ్రశాసనాలను 1965లో భారతి పత్రికలో ప్రకటించినారు. నల్లగొండ మట్టిలో ఇంత చరిత్ర ఉండడమే కాదు, దానిని త్రవ్వి చూసే చేతులు కూడా ఈ మట్టికి దొరికినవి. పరబ్రహ్మశాస్త్రిగారు పై జిల్లానుండి వచ్చినా ఆ వరుసలోనివారే.

శాసనం చదవడం అంటే ఏమిటో విద్యార్థులకు ఒకింత చెప్పవలెను. శిలను మొదట శుభ్రంగా కడుగుతారు. తడిపిన కాగితాన్ని దానిమీద పరచి, గట్టి కుంచెతో కొట్టి కొట్టి అక్షరాల గుంటలలోకి దింపుతారు. తరువాత సిరా అద్దిన మెత్తతో పైన తాటిస్తారు. ఎత్తుగా ఉన్న రాయి భాగం నల్లబడుతుంది. గుంటలైన అక్షరాలు తెల్లగా నిలుస్తవి. ఆ కాగితం ఎండిన తరువాత ఒలిచి, చుట్టి, కార్యాలయానికి తెచ్చి, నెలల తరబడి చదువుతారు. పొలం గట్టున ఎండలో చేసే పని ఒక పాలు అయితే, బల్లముందు చేసే పని తొమ్మిది పాళ్లు. అరిగిన అక్షరం "మ" అగునా "వ" అగునా అని తేల్చడానికి లిపి తెలియవలెను. ఆ శతాబ్దపు సంస్కృతం తెలియవలెను, తెలుగు తెలియవలెను; తిథివార నక్షత్రాల గణితం తెలియవలెను. దానపత్రంలో వచ్చే మర్తురు, పుట్టి, గడ్యాణం వంటి కొలతలూ నాణేలూ తెలియవలెను. ఇన్ని తెలిసిన తరువాత కూడా ఫలితం ఒక పేరు, ఒక తేదీ మాత్రమే కావచ్చును.

ఈ విధంగానే బయ్యారం చెరువు శాసనం కాకతీయుల వంశవృక్షానికి వేరు చూపించినది. గణపతిదేవుని సోదరి మైలమ త్రవ్వించిన చెరువు అది. ఆ శాసనం వంశాన్ని కాకతి పట్టణంలో ఉన్న వెన్న నృపుని వద్దనుండి మొదలుపెడుతుంది. దానిని మాంగల్లు తామ్రశాసనంలోని కాకర్త్య గుండ్యనతో సరిపోల్చి, కాకతీయులు తొలుత రాష్ట్రకూటుల సేనానులుగా ఈ దేశానికి వచ్చినారని శాస్త్రిగారు వాదించినారు. మన పిల్లలమఱ్ఱి ఆలయాల శాసనాలు కూడా ఆయన చరిత్రలో పెద్ద చోటు ఆక్రమించినవి. నామిరెడ్డి 1202లో కట్టించిన నామేశ్వరం, ఎఱకసాని పేర 1208లో వెలసిన ఎఱకేశ్వరం చూడవచ్చిన బడిపిల్లలు స్తంభాలమీద చేయి వేసి మ్రోగే ధ్వని వింటారు, ఫొటోలు దిగుతారు. వాకిటిలో ఉన్న శాసనంవైపు కన్నెత్తరు. రేచర్ల రెడ్లు కాకతీయులకు ఎట్టి సామంతులో, చెరువు నీటిని ఎట్లా పంచినారో ఆ రాతిమీదనే ఉన్నది.

ఇక రెండవ కొసకు పోదాము. అందుకు మనం కాకతీయులను విడిచి పన్నెండు వందల ఏండ్లకు పైగా వెనుకకు నడవవలెను. అది రోమను సామ్రాజ్యపు కాలం. ఇక్కడ శాతవాహనులు ఏలుతున్నారు, అక్కడ ఆగస్టసు, టిబేరియసు చక్రవర్తులు. ఈ రెండు లోకాలకు సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే, నల్లగొండ జిల్లా అక్కెనపల్లి పేరు చెప్పవలెను. అక్కడ ఒకే నిక్షేపంలో పదిహేను వందలకు పైగా రోమను వెండి నాణేలు దొరికినవి. పరమేశ్వరీలాల్ గుప్త 1965లో ఆంధ్రప్రదేశ్‌లోని రోమను నాణేలపై వ్రాసిన పుస్తకంలో ఆ నిక్షేపాన్ని వివరించినాడు. నాణేలు ఈ దారికి ఎట్లా వచ్చినవనేది కూడా ఊహకు అందని సంగతి కాదు. మసులీపట్నంనుండి ఒకటీ వినుకొండనుండి ఒకటీ బయలుదేరిన రెండు ప్రాచీన వర్తక మార్గాలు హైదరాబాదుకు ఆగ్నేయాన కలిసి, తేరు మీదుగా పైఠాణానికి పోయేవని ఫ్లీటు అనే ఆంగ్ల పండితుడు 1901లోనే వ్రాసినాడు. బందరునుండి కోదాడ, సూర్యాపేటల మీదుగా నేడు పోయే లారీలు ఇంచుమించు ఆ దిక్కుననే పోతున్నవి.

అటువంటి టిబేరియసు వెండి నాణేనికి లోకంలో మరొక కీర్తి ఉన్నది. కైసరుకు పన్ను చెల్లించవచ్చునా అని యూదులు యేసును అడిగినప్పుడు, ఆయన ఒక దేనారాన్ని చూపించుమని, దానిమీది బొమ్మ ఎవరిదని ఎదురడిగినట్లు సువార్తలలో ఉన్నది. ఆ నాణెం టిబేరియసు బొమ్మ గలదేనని నాణేల శాస్త్రజ్ఞులు చాలాకాలంగా భావిస్తున్నారు. యెరూషలేములో వాదానికి కారణమైన వెండికీ, అక్కెనపల్లి కుండలో నిద్రించిన వెండికీ ముద్ర కొట్టిన ప్రభువు ఒక్కడే.

పోలిక ఇక్కడితో ఆగదు. రోమను పండితుడు ప్లీనీ తన ప్రకృతి చరిత్రలో ఐదవ భాగాన మృతసముద్రపు తీరంలోని యూద తాపసులను వర్ణించినాడు. ఆరవ భాగాన ఆంధ్రులను పేర్కొన్నాడు. ఆంధ్రులకు ముప్పది ప్రాకార నగరాలు, లక్ష కాల్బలం, రెండు వేల గుర్రాలు, వేయి ఏనుగులు ఉన్నవని అతడు చెప్పిన మాట మన పాఠ్యపుస్తకాలలో కనబడేదే. ఆ గ్రంథాన్ని క్రీ. శ. 77లో అతడు ఎవరికి అంకితం ఇచ్చినాడో మాత్రం పాఠ్యపుస్తకాలు చెప్పవు. టైటసుకు! అంటే, ఏడేండ్ల క్రిందట యెరూషలేమును ముట్టడించి యూదుల దేవాలయాన్ని నేలమట్టం చేసిన సేనానికి.

కనుక ఆ కాలపు యూదుల చరిత్ర వ్రాసేవానికీ, ఆ కాలపు ఆంధ్రుల చరిత్ర వ్రాసేవానికీ కష్టం ఒక్కటే. తమవారిని గురించి పరాయివారు వ్రాసిన ముక్కలను ఏరుకోవలెను. యూదుల విషయంలో ఆ ఏరుకొనే పనిని ఒక జీవితంగా చేసినవాడు మెనహేము స్టెర్ను. 1925లో పోలెండు దేశపు బియాలిస్టోకులో పుట్టి, 1938లో పాలస్తీనాకు వలసపోయి, యెరూషలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనాడు. హెరొడోటసు మొదలు సింప్లీసియసు వరకు గ్రీకు, లాటిను రచయితలు యూదులను గురించి వ్రాసిన ప్రతి మాటనూ మూలంతోనూ, అనువాదంతోనూ, వ్యాఖ్యతోనూ మూడు సంపుటాలలో చేర్చినాడు. అవి 1974, 1980, 1984 సంవత్సరాలలో వెలువడినవి. 1977లో ఇజ్రాయెల్ పురస్కారం ఆయనకు లభించినది. 1989 జూన్‌లో ఒకనాడు గ్రంథాలయానికి నడిచిపోతూ ఉండగా దారిలో హత్యకు గురి అయినాడు. మనకు మెక్రిండిలు ఆంగ్లంలోనికి తెచ్చిన గ్రీకు, లాటిను రచనలు, తరువాత 1960లో ఆర్. సి. మజుందారు కూర్చిన సంకలనం ఉన్నవి; కాని మూలపాఠాన్నీ వ్యాఖ్యనూ ఒకచోట చూపే స్టెర్ను సంపుటాలవంటివి ఆంధ్రులమీద ఇంకా వెలువడలేదు.

యూదులకు ఒక మేలు ఉన్నది. వారిలో జోసీఫసు పుట్టినాడు. రోమనులపై యుద్ధం చేసి, లొంగిపోయి, రోములో వారి ఆశ్రయంలోనే కూర్చుండి తన జాతి యుద్ధచరిత్ర వ్రాసినాడు. శత్రువు అన్నం తిని వ్రాసినాడు గనుక అతని మాటను తూచి తీసుకోవలెను. అయినా తూచడానికి మాట అంటూ ఉన్నది. శాతవాహనులకు జోసీఫసు లేడు. ఉన్నవి పురాణాల రాజావళులు. వ్రాయసకాండ్ర చేతులలో వంశమూలపురుషుని పేరే ఒకచోట శిముకుడనీ, ఒకచోట శిశుకుడనీ, ఇంకొకచోట సింధుకుడనీ మారిపోయినది.

యూదుల చరిత్రలోనూ ఇట్టి ముచ్చటే ఒకటి ఉన్నది. క్రీ. శ. 132–135లో రోమనులపై తిరుగుబాటు నడిపిన నాయకుని పేరేమిటో చాలాకాలం తేలలేదు. అభిమానులు అతనిని నక్షత్రపుత్రుడని బర్ కోఖ్బా అన్నారు. ఓటమి తరువాత కొందరు రబ్బీలు అసత్యపుత్రుడనే అర్థం వచ్చేటట్లు బర్ కోజిబా అన్నారు. రోమను నాణేలమీదనే తిరిగి ముద్ర కొట్టి అతని ప్రభుత్వం చెలామణి చేసిన నాణేలమీద షిమోను అనే పేరు కనబడినది. తరువాత 1950 దశకపు తొలి సంవత్సరాలలోనూ, 1960–61లో యాదీను త్రవ్వకాలలోనూ మృతసముద్రపు గుహలనుండి అతని ఉత్తరాలే బయటపడినవి. అసలు పేరు షిమోను బర్ కోసిబా. స్తుతించినవారూ నిందించినవారూ కూడా ఒక్కొక్క అక్షరం మార్చినారన్నమాట! పద్దెనిమిది వందల ఏండ్లు గ్రంథాలు దాచిన పేరును నాణెమూ ఉత్తరమూ చెప్పినవి.

మన శిముకునికి ఉత్తరాలు లేవు. నానాఘాట్ కనుమలోని గుహలో, ఇప్పుడు చెదరిపోయిన ప్రతిమలకు పైన, "శిముక శాతవాహన" అని పేరు చెక్కి ఉన్నది. అది మహారాష్ట్రంలో ఉన్నది. తొలి శాతవాహన శాసనాలు అన్నీ ఆ ప్రాంతంలోనే దొరికినందున, ఆ వంశం పుట్టినది అక్కడనే అనీ, ఆంధ్రదేశానికి వారు తరువాత వచ్చినవారు అనీ చాలామంది పండితులు నిశ్చయించినారు. కాదనే తెలుగు పండితులకు అభిమానం ఉన్నంతగా ఆధారం లేదు.

ఆధారం కరీంనగరు జిల్లాలో, పెద్దవాగు గోదావరిలో కలిసేచోట ఉన్న కోటిలింగాల దిబ్బమీద వానకు కొట్టుకొని బయటపడుతూ ఉండినది. ఆ ప్రాంతంవారైన సంగనభట్ల నరహరిగారు అక్కడ దొరికిన చిన్న చిన్న నాణేలను ఓపికతో పోగుచేసి శాస్త్రిగారికి అందజేసినారు. ఇది 1970 దశకపు చివరి మాట. అటువంటి నాణేలు చూడడానికి చిల్లపెంకులవలె ఉంటవి. ముద్ర నడిమికి పడదు. ఒకదానిమీద పేరులోని మొదటి మూడు అక్షరాలు ఉంటే, ఇంకొకదానిమీద చివరి నాలుగు ఉంటవి. ఒకే ముద్రవి నాలుగైదింటిని ప్రక్క ప్రక్కన పెట్టి చదివితేగాని పూర్తి పేరు రాదు. శాస్త్రిగారు అట్లా చదివినారు. గోబద, నారన, కంవాయ, సిరివాయ, సామగోప అనే రాజుల పేర్లు వచ్చినవి. అంతవరకు ఏ పురాణమూ, ఏ శాసనమూ ఎరుగని పేర్లు అవి! శాతవాహనులకు ముందే ఈ గోదావరి తీరాన నాణేలు ముద్రించుకొన్న రాజులు ఉన్నారని తేలినది. నారన అన్న పేరు మన పల్లెలలో వినబడే నారన్నకు ఎంత చేరువగా ఉన్నదో చూడండి. తెలుగు అధ్యాపకునికి ఇట్టిది కనబడితే నోరూరుతుంది. కాని ధ్వని సామ్యంమీద చరిత్ర కట్టరాదు.

ఆ కుప్పలోనే "ఛిముక శాతవాహన" అనే పేరు గల నాణేలు దొరికినవి. శాస్త్రిగారు 1978–79 ప్రాంతాన వాటిని భారత నాణెశాస్త్ర పరిషత్పత్రికలో ప్రకటించినారు. ఛిముకుడే శిముకుడనీ, వంశకర్త నాణేలు తెలంగాణపు గోదావరి గట్టున, అందులోనూ స్థానిక రాజుల నాణేలతో కలిసి దొరికినవి గనుక శాతవాహనుల తొలి నెలవు ఈ భూమియేననీ ఆయన సిద్ధాంతం చేసినారు. పిమ్మట పురావస్తుశాఖవారు వి. వి. కృష్ణశాస్త్రిగారి ఆధ్వర్యంలో అక్కడ త్రవ్వకాలు జరిపినారు. కోట గోడలు, ఇటుక కట్టడాలు, ఇంకా నాణేలు బయటపడినవి.

ఈ సిద్ధాంతాన్ని అందరూ అంగీకరించలేదు. నాణెంమీది ఛిముకుడు వంశకర్త కాడనీ, అదే పేరుగల తరువాతి రాజు అనీ కొందరు అన్నారు. నాణేలు చేతులు మారుతవి, ఊళ్లు తిరుగుతవి, కాబట్టి దొరికినచోటనే పుట్టినవని చెప్పలేమని కొందరు అన్నారు. రెండవ అభ్యంతరం బరువైనదే. అక్కెనపల్లిలో టిబేరియసు నాణేలు దొరికినంతమాత్రాన అతడు నల్లగొండలో పుట్టినాడని అనము గదా! అయితే వెండి బంగారు నాణేలు సముద్రాలు దాటినంత సులభంగా సీసపు, రాగి చిల్లర దాటదు. చిల్లర నాణెం సాధారణంగా తాను చెలామణి అయిన బజారును విడిచి దూరం పోదు. ఒకే పేరు గల చిల్లర ఒకేచోట పదే పదే దొరికితే, ఆ రాజుకు ఆ ప్రాంతంమీద అధికారం ఉన్నదనడం తప్పు కాదు. పుట్టుక సంగతి వేరు. నా మట్టుకు నాకు, శాస్త్రిగారి వాదంలో "ఇక్కడ ఏలినారు" అన్న సగం రాతివలె గట్టిది. "ఇక్కడనే పుట్టినారు" అన్న సగం ఇంకా సాక్ష్యం కోరుతున్నది. ప్రత్యేక రాష్ట్రోద్యమపు దినాలలో ఈ రెండవ సగమే వేదికలమీద ఎక్కువగా వినబడినది. వేదికలకు "బహుశః" అనే మాట పనికిరాదు.

రెండు కొసలనూ కలిపే సూత్రం ఇప్పుడు కనబడుతున్నది. చందుపట్లలో సాక్షి ఒక సేవకుడు. కోటిలింగాలలో సాక్షి సంతలో చేతులు మారిన చిల్లర. ఆస్థానకవి వ్రాసిన ప్రశస్తిని ఎవరైనా గౌరవిస్తారు. ముమ్మడివంటివాని దానాన్నీ, అరిగిన సీసపు బిళ్లనూ అంతే గౌరవంతో చదవడం అందరికీ చేతకాదు. శాస్త్రిగారు తరువాతి కాలంలో, 1996లో, ప్రాచీనాంధ్ర గ్రామజీవనంమీద ఆంగ్లంలో ఒక గ్రంథమే వ్రాసినారు. రాజులను వదలి ఊరి పొలాలు, చెరువులు, పన్నులు, కొలతలవైపు తిరిగిన ఆ గ్రంథం కాకతీయ చరిత్రవలె పేరు పొందలేదు. పొందవలసినదని నేను తలుస్తాను.

మన ఉభయ జిల్లాలకు ఆయన చేసిన ఉపకారం ఇంకొకటి ఉన్నది. పదవీ విరమణానంతరం నల్లగొండ జిల్లా శాసనాలను పరిష్కరించి సంపుటాలుగా తెచ్చినారు. మొదటిది 1992లో వెలువడినది, రెండవది 1994లో. సూర్యాపేట అప్పటికి వేరు జిల్లా కాదు. ఆయన 2016 జూలైలో, తొంభై దాటిన నిండు వయస్సులో పరమపదించినారు. అదే సంవత్సరం అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడినది. అందుచేత పిల్లలమఱ్ఱి అయినా, వాడపల్లి అయినా ఆ సంపుటాలలో నల్లగొండ పేరనే వెదకవలెను. వీటిని అందుబాటులో ఉంచిన పాఠశాల గ్రంథాలయాలు ఎన్ని అని లెక్కించబోతే చేతి వ్రేళ్లు మిగిలిపోతవేమో.

నీటికీ చరిత్రకూ ఈ దేశంలో ఒక విచిత్ర సంబంధం ఉన్నది. మిర్యాలగూడ, కోదాడ వరిచేలను పచ్చగా ఉంచేది నాగార్జునసాగరు ఎడమ కాలువ. ఆ నీటి క్రిందనే ఇక్ష్వాకుల విజయపురి, దానికెదురుగా ఏలేశ్వరం మునిగినవి. మునుగక ముందు 1954 నుండి 1960 వరకు నాగార్జునకొండలో ఆర్. సుబ్రహ్మణ్యంగారు, ఏలేశ్వరంలో అబ్దుల్ వహీద్ ఖానుగారు దొరికినంతవరకు త్రవ్వి తీసినారు. నాగార్జునకొండలో రోమను బంగారు నాణేలు కూడా దొరికినవి. అక్కడి ఒక శాసనంలో దానద్రవ్యాన్ని "దీనారి మాషకము"లలో లెక్కించినారు. రోమను దేనారం పేరు మన శాసనంలోనికి ఎక్కి కూర్చున్నదన్నమాట. కోటిలింగాల కూడా ఎల్లంపల్లి జలాశయపు ముంపు ప్రాంతంలో చేరినది. అన్నం పెట్టే నీటిని నిందించలేము. మునిగేదానిని ముందుగా చదువుకొనే వ్యవధి నాగార్జునకొండకు దొరికినట్లు అన్నిచోట్లా దొరకదు.

మునుగకుండా మిగిలినది ఫణిగిరి. సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఆ కొండను 1940 దశకంలోనే నిజాం పురావస్తుశాఖవారు గుర్తించినారు. 2001 తరువాతి త్రవ్వకాలలో శిల్పాలతో కూడిన తోరణభాగాలు, బ్రాహ్మీ శాసనాలు వెలువడినవి. ఆ శిల్పాలు 2023లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శింపబడినవి. 2024 మార్చి నెలాఖరున అక్కడనే ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికినవి. కుండ మూతిని ఒక చదునైన రాతితో మూసి ఉంచినారు. అవి ఇక్ష్వాకుల కాలపువని శాఖవారు నిర్ణయించినారు. ఒకవైపు ఏనుగు, ఒకవైపు ఉజ్జయినీ చిహ్నం. ఏ నాణెంమీదనూ పేరు లేదు.